రేకులు రాలిన ఫైలు

నిన్న పొద్దున మా ఇంట్లో చిన్న గొడవ. నేను చెత్తబుట్టలో వేసిన టూత్‌బ్రష్‌ను మా ఆయన తీసి, కడిగి, మళ్ళీ గ్లాసులో పెట్టారు. దాని కుచ్చు నాలుగు దిక్కులకూ చూస్తోంది. పళ్ళు తప్ప అన్నీ తోముతుంది. ఆ మాటే అంటే, పారేయడం తప్ప నీకేం రాదా, ఇంకో రెండు నెలలు వస్తుంది అన్నారు.

తీరిగ్గా ఆలోచిస్తే ఆయనదే ఒప్పనిపించింది. అందుకే బహిరంగంగా చెబుతున్నాను: వాడిన వస్తువే వస్తువు! అందులోనూ పళ్ళ డాక్టర్లు రూట్ కెనాల్‌కు వాడే ఫైలు.

ఫైలంటే ఆఫీసు ఫైలనుకునేరు. అది మరచుట్లున్న సన్నటి సూది. మెషిన్‌కు తగిలించి, పంటి వేరులోని సందులోకి దించి, గిరగిరా తిప్పుతూ లోపల పాడైనదంతా గీకేస్తారు. దాని మెడకు బుల్లి పువ్వులాంటి బిళ్ళ ఉంటుంది. ఫైలు వాడినప్పుడల్లా ఒక రేకు తుంచాలి. రేకులు అయిపోతే ఫైలు పారేయాలి.

ఇదంతా నాకెలా తెలుసంటారా? మా మరిది పళ్ళ డాక్టరు. పోయిన నెల నా ఎడమ దవడ పన్నుకు రూట్ కెనాల్ చేసింది అతనే. నేను నోరు తెరుచుకుని పడుకున్నాను. అసిస్టెంటు అమ్మాయి ఫైలును పైకెత్తి చూసి, దీనికి రేకులేం మిగల్లేదు, కొత్తది తీయనా అని అడిగింది.

"వద్దులే, మా వదినేగా" అన్నాడు మరిది.

ఎంత ఆత్మీయత! నోట్లో పత్తి, చెంపకు మత్తు ఉండబట్టి గాని, అక్కడికక్కడే కృతజ్ఞతలు చెప్పేదాన్ని.

అనుభవం లేని డాక్టరు దగ్గరికి మీరు వెళ్తారా? మరి అనుభవం లేని ఫైలును నోట్లోకి ఎలా రానిస్తారు? నా ఫైలు ఎందరి వేర్లు చూసిందో, మలుపులన్నీ కంఠతా వచ్చి ఉంటాయి. పదును అరిగిందంటారా? పదునైనవాళ్ళతో వేగడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పాలా?

శుభ్రానికేం లోటు లేదు. ప్రతిసారీ ఆవిరి యంత్రంలో పెట్టి ఉడికిస్తారు. అయితే శుభ్రం వేరు, సత్తువ వేరు అనే చాదస్తులు కొందరుంటారు. ఉతికినకొద్దీ దుప్పటి తెల్లబడుతుంది గాని గట్టిపడుతుందా అని అడుగుతారు. వంకర సందులో తిరిగే ఫైలు చుట్టుచుట్టుకీ వంగి లేస్తుందట. తీగముక్కను అటూ ఇటూ వంచుతూ పోతే ఏమవుతుందో చివరికి అదే అవుతుందట, చెప్పాపెట్టకుండా. అంతా అపోహ!

నా నోట్లో టిక్కుమంది.

"వదినా, కంగారుపడకు. చిన్న ముక్క లోపల ఉండిపోయింది. అదీ ఒక ఫిల్లింగే అనుకో" అన్నాడు.

నా అదృష్టం చూడండి. అందరూ లోహాన్ని ఒంటిమీద పెట్టుకుంటే నాది ఒంట్లోకే దిగింది. దొంగల భయం లేదు. ఎక్స్‌రేలో చక్కగా మెరుస్తుంది కూడా. ఎడమవైపు నమలడం మానేశాను కనుక సగమే తింటున్నాను. సన్నబడడానికి జనం జిమ్ముల చుట్టూ ఎందుకు తిరుగుతారో!

ఇంతలో దాని పక్క పన్ను సలపడం మొదలుపెట్టింది. అసూయ కాబోలు. ఇవాళ ఆదివారం కదా, మరిది మధ్యాహ్నం భోజనానికి వచ్చి, రేపే చేసేద్దాం అన్నాడు. మా ఆయన తలూపారు. అత్తగారు చిన్నకొడుకు హస్తవాసి గురించి ఇంకోసారి చెప్పారు. నాకో చిన్న సందేహం వచ్చింది. మొన్న బ్యాంకు మేనేజరుగారి పన్నుకు ఏ ఫైలు వాడావని అడిగాను. కొత్తదేనట.

"బయటివాళ్ళు కదా వదినా, మాట వస్తుంది" అన్నాడు, కూర వడ్డించుకుంటూ.

బయటివాళ్ళయితే మాట వస్తుంది. ఇంటివాళ్ళయితే ముక్క మిగులుతుంది.

నేను గరిటె కింద పెట్టాను.

"రేపు తొమ్మిదింటికి వస్తాను. మీ క్లినిక్‌లో నా పేరు మా పుట్టింటి ఇంటిపేరుతో రాయిస్తాను. ఆ గంటసేపు నేను నీ వదినను కాను, బయటిమనిషిని. మాట వచ్చే రకం."

మా ఆయన నీళ్ళు తాగారు. అత్తగారు మాత్రం నోట్లో ముద్దను ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు జాగ్రత్తగా మార్చుకుని, చిన్నకొడుకు వైపు ఓసారి చూసి, నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, నా పేరు కూడా మా పుట్టింటి ఇంటిపేరుతోనే రాయించు."