ఆరాగారి కిటికీ సీటు

ఆరాగారు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగి. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఇంకొకటి ఉంది గానీ, డిపోలో దాన్ని జీతాల రోజున తప్ప ఎవరూ వాడరు. పొద్దున్నే ఎవరైనా "బాగున్నారా సార్?" అని పలకరిస్తే, "ఏం, ఎందుకడుగుతున్నావ్?" అని ఆరా తీసే మనిషికి వేరే పేరేం నిలుస్తుంది?

ఆయన ఉద్యోగమంతా రెండు సూత్రాల మీద నడిచింది. టికెట్ లేనివాడు కిటికీలోంచి బయటికి చూస్తాడు. అడక్కముందే టికెట్ చూపించేవాణ్ణి మాత్రం రెండోసారి చూడాలి. ఈ రెండింటితో ఆయన డిపోకి మంచి పేరు తెచ్చారు. చిక్కల్లా అవే సూత్రాలను సాయంత్రం ఇంటికి కూడా తెచ్చేవారు.

ఇంట్లో ముందుగదిలో వాళ్ళావిడ కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. వీధంతా టైలరమ్మ అంటారు. పని చేసేటప్పుడు పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుంటుంది కాబట్టి మొగుడు ఏమడిగినా "ఊఁ" తప్ప ఇంకో జవాబు రాదు. ఆ "ఊఁ" అవుననో కాదనో ఆరాగారికి పెళ్ళయినప్పటినుంచీ తేలలేదు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు ఆసుపత్రి అదిరిపోయేలా ఏడ్చిందని పిడుగు అని పిలిచారు, అదే ఖాయమైపోయింది. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది. ఒక సాయంత్రం ఆరాగారు టీ తాగుతుండగా వచ్చి ఎదురుగా నిలబడింది.

"నాన్నా, కానిస్టేబుల్ ఉద్యోగాలు పడ్డాయి. డిగ్రీ అక్కర్లేదట. చదువు ఆపేసి చేరిపోతాను."

ఆరాగారికి టీ పొలమారింది. టైలరమ్మ లేచి మాడు మీద తట్టింది, కొంచెం గట్టిగానే.

ఆయనకి కూతుర్ని పోలీసుల్లోకి పంపడం అసలు ఇష్టం లేదు. బస్సు మీద రాళ్ళు పడిన రోజున అందరూ సీట్ల కింద దూరితే, పోలీసులు రాళ్ళకి ఎదురెళ్ళడం ఆయన కళ్ళారా చూశారు. పిడుగు ఏ బ్యాంకులోనో ఫ్యాను కింద కూర్చుని, ఐదింటికి ఇంటికొస్తే చాలని ఆయన కోరిక. అది భయమని ఆయనకీ తెలుసు. కానీ అనుమానాలు ఒప్పుకున్నంత సులువుగా మగాడు భయాన్ని ఒప్పుకోడు కదా.

పిడుగు కథ వేరు. చిన్నప్పుడు ఒకసారి నాన్నతో డ్యూటీ బస్సెక్కింది. టికెట్ లేని తాగుబోతు ఒకడు ఆరాగారి కాలర్ పట్టుకున్నాడు. బస్సంతా బొమ్మల్లా చూస్తూ కూర్చుంది. అంతలో కింద జీపు ఆగి, ఒక ఆడ ఎస్సై పైకొచ్చింది. అరవలేదు, చెయ్యెత్తలేదు. "కాలర్ వదులు" అంది. అంతే, వాడు వదిలేశాడు. ఆరాగారు ఆ రోజును మర్చిపోవాలని చూశారు. పిడుగు మాత్రం ఎన్నడూ మర్చిపోలేదు.

వద్దంటే పిడుగు మరింత బిగుసుకుంటుందని ఆరాగారికి తెలుసు. అందుకే టీ గ్లాసు పక్కన పెట్టి, గొంతులో తేనె పోసుకున్నారు.

"పోలీసే కావాలనుకుంటే కానిస్టేబులెందుకే పిచ్చిదానా? ముందు డిగ్రీ పూర్తి చెయ్యి. ఆ తర్వాత ఎస్సై పరీక్ష రాయి. ఎక్కితే ముందుసీటే ఎక్కాలి."

"కానిస్టేబులైతే ఇప్పుడే జీతం వస్తుంది. ప్రమోషన్లు కూడా ఉంటాయి నాన్నా."

"ప్రమోషన్ వచ్చేసరికి నా అంత ముసలిదానివవుతావు. డిగ్రీ, తర్వాత ఎస్సై. ఇదే నా మాట!"

"సరే నాన్నా" అని పిడుగు గదిలోకి వెళ్ళిపోయింది.

ఆరాగారు మనసులో మీసం మెలేశారు. డిగ్రీ అయ్యేలోపు ఈ పోలీసు పిచ్చి దానంతటదే దిగిపోతుంది, అప్పుడు మెల్లగా బ్యాంకు వైపు తిప్పొచ్చని ఆయన ఎత్తు. టీ మళ్ళీ నోటిదాకా తీసుకెళ్ళి, అక్కడే ఆగిపోయారు.

"ఏమోయ్, పిడుగు సరేనంది!"

"ఊఁ."

"ఇట్టే సరేనంది. అడక్కముందే టికెట్ తీసి చూపించినట్టు!"

"ఊఁ."

"నీకేం అనుమానం రాలేదూ?"

టైలరమ్మ సూదులు తీసి అరచేతిలో పెట్టుకుంది. "ఎదురు చెప్తే పొగరంటారు, ఒప్పుకుంటే మోసమంటారు. మధ్యలో అది ఇంకేం చెయ్యాలి, మూగనోము పట్టాలా?"

"నువ్వు దాన్నే వెనకేసుకొస్తున్నావంటే నీకూ ఏదో తెలుసన్నమాట."

"నాకు తెలిసిందల్లా మీ టీ చల్లారిపోతోందని."

ఆ రోజునుంచి ఆరాగారి దర్యాప్తు మొదలైంది. పిడుగు తెల్లారకుండానే లేచి పరిగెత్తుతోంది. ఎస్సై పరీక్షకి ఇంకా బోలెడు వ్యవధి ఉండగా ఇప్పట్నుంచే పరుగులెందుకు? అంటే పైకి సరేనని, చాటుగా కానిస్టేబుల్‌కే సిద్ధమవుతోందన్నమాట! దానికితోడు ఒక మధ్యాహ్నం ఇంటికొస్తే కుట్టుమిషన్ మీద ఖాకీ గుడ్డ కనబడింది.

"దొరికిపోయారు! తల్లీకూతుళ్ళిద్దరూ కలిసి యూనిఫాం దాకా వెళ్ళిపోయారా? ఎవరిదీ ఖాకీ?"

టైలరమ్మ ఆ గుడ్డని ఎత్తి ఆయన నడుముకి ఆనించి చూపించింది. "మీ ప్యాంటే. వెనకాల చిరిగిందని మీరే ఇచ్చారు. రెండు రోజుల్నుంచి చిరుగుతోనే డ్యూటీకెళ్ళారు, డిపోలో ఎవరూ ఆరా తియ్యలేదా?"

ఆరాగారు ఆ దర్యాప్తును అంతటితో మూసేశారు.

అయినా అనుమానం చావలేదు. పరుగు ఆగితే కానిస్టేబుల్ కూడా ఆగుతుందని లెక్కేసి, పిడుగు పరుగు బూట్లను గుట్టుచప్పుడు కాకుండా డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక దాచారు. తెల్లారి లేచి, కూతురు దిగాలుగా కూర్చుని ఉంటుందని హాల్లోకి వచ్చి చూస్తే పిడుగు లేదు. తన డ్యూటీ బూట్లు కూడా లేవు.

చెమటలు కక్కుతూ పిడుగు తిరిగొచ్చింది. "నాన్నా, నా బూట్లెక్కడో కనబడలేదు. ముందువైపు గుడ్డలు కుక్కి నీవి వేసుకెళ్ళా. ఏమనుకోకు, కొంచెం బురదైంది."

ఏమనుకుంటారు? తేలు కుట్టిన దొంగలా బురద బూట్లు ఎండలో పెట్టి, రబ్బరు చెప్పులు తొడుక్కున్నారు. సరిగ్గా అప్పుడే పిడుగు భుజానికి సంచి తగిలించుకుని, కాలేజీ బస్సాగే వైపు కాకుండా రోడ్డుకి అవతలి స్టాపులో నిలబడటం కిటికీలోంచి కనబడింది. అక్కడ ఆగేది పోలీసు మైదానం వైపు వెళ్ళే బస్సు!

ఆరాగారు డ్యూటీ చొక్కా విప్పి, బావమరిది ఎప్పుడో వదిలేసిన పూల చొక్కా వేసుకున్నారు. మంకీ క్యాప్ చెవులదాకా లాగారు. నల్ల కళ్ళజోడు పెట్టారు. ఎండ చిటచిటలాడుతున్న ఆ పూట మంకీ క్యాప్ పెట్టుకున్న మనిషిని ఎవరూ గుర్తుపట్టరని ఆయన నమ్మకం. నిజమే, గుర్తుపట్టలేదు. గుర్తుపెట్టుకున్నారు.

వెనక తలుపునుంచి టపటపా చెప్పుల చప్పుడుతో బస్సెక్కారు. పిడుగు ముందు వరసలో ఉంది. ఆయన నాలుగు సీట్ల వెనక కూర్చుని, కూతురి జడ మీంచి చూపు తిప్పలేదు. కండక్టర్ వచ్చి "టికెట్?" అన్నాడు. ఉద్యోగంలో చేరింది మొదలు ఏనాడూ టికెట్ కొనని మనిషి, అలవాటు కొద్దీ "పాస్" అని గొణిగారు. పాసేమో ఇంట్లో, చిలక్కొయ్యకి వేలాడుతున్న డ్యూటీ చొక్కా జేబులో ఉంది.

రెండు స్టాపులు దాటాక ఒక మూల మలుపులో బస్సు ఆగింది. ఎక్కినవాణ్ణి చూసి ఆరాగారు మంకీ క్యాప్ ఇంకాస్త కిందికి లాక్కున్నారు. కొత్తగా చేరిన తనిఖీ ఉద్యోగి. డిపోలో అతన్ని రూళ్ళకర్ర అంటారు. ఎవరూ ఊహించని చోట ఎక్కాలనీ, కన్నతండ్రినైనా వదలకూడదనీ అతనికి నేర్పింది ఆరాగారే.

రూళ్ళకర్ర ఒక్కొక్కరినీ అడుగుతూ దగ్గరికొస్తున్నాడు. ఆరాగారు జేబు తడుముకున్నారు. పూల చొక్కా జేబులో బావమరిది తాలూకు ఎండిన వక్కపలుకు ఒకటి దొరికింది. ఇక చేసేదిలేక, ఆయన తల మెల్లగా తిరిగి కిటికీలోంచి బయటికి చూడసాగింది.

"టికెట్ చూపించండి. కిటికీ బయటేం లేవు టికెట్లు" అన్నాడు రూళ్ళకర్ర. ఆ మాటా గురువుగారిదే.

బస్సు గొల్లుమంది. వెనక సీటు ముసలావిడ మాత్రం నవ్వలేదు. "ఇందాకట్నించీ నేనూ చూస్తున్నా నాయనా. ఆ ముందున్న పిల్ల మీంచి కన్ను తియ్యట్లేదు వీడు. ఎండాకాలంలో టోపీ ఏంటి, నల్లద్దాలేంటి? మంచివాడి వాలకమేనా ఇది?"

"ఆడపిల్ల వెంటపడుతున్నావా?" అని ఒక కండల మనిషి లేచాడు.

"అది కాదు, నేను దాని..."

"దాని అంటున్నావా? స్టేషన్‌కి పోనీ డ్రైవరన్నా!" అంటూ కండల మనిషి ఆరాగారి కాలర్ పట్టుకుని లేపాడు. జీవితమంతా లోకాన్ని అనుమానించిన మనిషిని, ఆ క్షణాన లోకమంతా కలిసి ఒక్కసారిగా అనుమానించింది.

"కాలర్ వదలండి."

ముందు వరసలోంచి వచ్చింది ఆ గొంతు. అరుపు కాదు, కోపం కూడా లేదు. కండల మనిషి చెయ్యి దానంతటదే సడలిపోయింది. పిడుగు వచ్చి పక్కన నిలబడి, మంకీ క్యాప్ మెల్లగా తీసింది.

"ఈయన మా నాన్న. టికెట్ నేను తీస్తాను. జరిమానా ఉంటే రాయండి."

"సార్! మీరా!" అని రూళ్ళకర్ర నీరుగారిపోయాడు. తేరుకుని, "మీరే నేర్పారు సార్... కన్నతండ్రినైనా..." అంటూ జరిమానా రాశాడు.

ఆరాగారి కళ్ళు చెమ్మగిల్లాయి. అవమానం వల్ల కాదు. ఆనాటి గొంతు మళ్ళీ విన్నారు, అదీ తన ఇంట్లో పుట్టిన గొంతు. ఆయన కాలర్ సర్దుకుని, బస్సంతా వినేలా చెప్పేశారు.

"మా అమ్మాయి! డిగ్రీ కాగానే ఎస్సై అవుతుంది. అవ్వకపోతే నన్నడగండి!"

అందరూ చప్పట్లు కొట్టారు. కండల మనిషి కూడా కొట్టాడు. ఇంతమంది సాక్షుల ముందు అన్నాక, ఇక బ్యాంకూ లేదు, ఫ్యానూ లేదు.

"నాన్నా, నీ చెప్పుల చప్పుడు ఎక్కినప్పుడే విన్నా" అంది పిడుగు దిగాక. పోలీసు మైదానానికి ఒక స్టాపు ముందే దిగారు. అక్కడ మేడమీద ఎస్సై పరీక్షకి శిక్షణ ఇచ్చే తరగతులు జరుగుతున్నాయి. మాస్టారు ఆరాగారికి చెయ్యి కలిపి, "మీ అమ్మాయి చురుకైంది సార్. కాలేజీ లేని పూటల్లా వస్తుంది. మీ ఆవిడగారు సెలవుల్లోనే వచ్చి చేర్పించి వెళ్ళారు" అన్నారు.

సెలవుల్లోనా? కానిస్టేబుల్ గొడవ మొన్న మొన్నటిది కదా!

ఆరాగారు ఆ రబ్బరు చెప్పులతోనే ఇంటికి వచ్చిపడ్డారు. టైలరమ్మ మిషన్ తొక్కుతోంది.

"కానిస్టేబుల్ అవుతానని అది అనకముందే ఎస్సై క్లాసుల్లో చేర్పించావా?"

"ఊఁ."

"సూదులు తియ్యి!"

ఆవిడ నింపాదిగా సూదులు తీసింది. "ఎస్సై అవుతానని సూటిగా అడిగితే వద్దనేవారు. చదువు మానేస్తానంటేనే డిగ్రీ, ఎస్సై అంటూ మీ అంతట మీరే ముందుసీటు చూపిస్తారు. అందుకని అలా అనమన్నా."

"నేనలా అనకపోతేనో?"

"అంటారని తెలుసు. ఎన్నేళ్ళ కాపురమండీ! ట్యాంకు వెనక బూట్లు తెచ్చి పెట్టండి, పిల్లకి పొద్దున్నే కావాలి."

ఆరాగారు మెల్లగా కిటికీ వైపు తిరిగి బయటికి చూడసాగారు.

"అటేం చూస్తున్నారు?" అంది టైలరమ్మ, మళ్ళీ సూదులు పెదాల మధ్య పెట్టుకుంటూ.