గెలుపునకు సంజాయిషీ

రాయగడ పట్టణం రగ్బీ క్రీడలో అభివృద్ధి చెందుతున్న శక్తిగా గుర్తింపు పొందిందని ఇందుమూలముగా పాఠకులకు తెలియజేయడమైనది. ఈ సంగతి మీకు ఇంతవరకు తెలియకపోతే అది మీ తప్పు కాదు. మూడేళ్ల కిందటి వరకు రాయగడకూ తెలియదు.

1970లో భువనేశ్వరం నుంచి మా ఊరి హైస్కూలుకు అరడజను ఫుట్‌బాళ్లు వచ్చాయి. వాటిలో ఒకటి కోడిగుడ్డు ఆకారంలో ఉంది. దారిలో నొక్కుకుపోయిందనుకుని సైకిలు షాపులో గాలి కొట్టించారు. ఎంత కొట్టినా అది పెద్ద గుడ్డు అయింది తప్ప గుండ్రం కాలేదు. వెనక్కి పంపుదామంటే, ప్రభుత్వం పంపిన వస్తువు బాగోలేదని రాసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. బంతిలో తప్పు ఉండడానికి వీల్లేదు కనుక ఆటలోనే తప్పు ఉండాలని తీర్మానించి, ఆ బంతికి తగిన ఆట కోసం వెతికారు.

వెతికిపెట్టినవారు శ్రీ మన్మథరావుగారు. ఆయన క్రీడాభ్యుదయ సంఘానికి కార్యదర్శి, హైస్కూలు యాజమాన్యానికీ కార్యదర్శి. ఊళ్లో కార్యదర్శి అవసరమైనవన్నీ ఆయనవే. ఇంగ్లీషు పత్రికలో ఆయన ఒక వార్త చదివారు. కొత్తగా రగ్బీ నేర్చిన చిన్న చిన్న దేశాలు తమ జట్లను పరాయి దేశాల్లోని పాత పోటీలకు పంపుతాయట. అక్కడ చిత్తుగా ఓడి, అనుభవం సంపాదించి తిరిగి వస్తాయట. ఈ వార్తలో కార్యదర్శిగారికి నచ్చింది ఆట కాదు, ఓడినవారిని ఎవరూ ఏమీ అనకపోవడం.

ఆట మావాళ్లకు వెంటనే ఒంటపట్టింది. చేతికొచ్చిన బంతిని ముందున్నవాడికి ఇవ్వకూడదు, వెనకున్నవాడికే ఇవ్వాలి. ఈ నియమం విని తాలూకా ఆఫీసు గుమాస్తాలు నలుగురు, తమకు శిక్షణ అక్కరలేదని అదే రోజు జట్టులో చేరారు. మిగిలినవారిని రాయగడ స్టేషనులో రాయపూరు పాసింజరు వచ్చినప్పుడు ఎంపిక చేశారు. పెట్టె తలుపు దగ్గర అందరినీ తోసుకుని మొదట ఎక్కినవారికి జట్టులో చోటు దొరికింది.

ఇక పరాయి దేశం కావాలి. కలకత్తాలో సిలోను జట్లు కూడా వచ్చే పాత పోటీ ఒకటి ఉంది. కలకత్తా పరాయి దేశమెలా అవుతుందని ఎవరో అడిగితే, అక్కడి దుకాణాల బోర్డులు మీరు చదవగలరా అని కార్యదర్శిగారు తిరిగి అడిగారు. సందేహం తీరిపోయింది. మొదటి ఏడు మావాళ్లు ఎనభై రెండు పాయింట్ల తేడాతో అనుభవం సంపాదించారు. రెండో ఏడు అరవై నాలుగు. అనుభవం తగ్గుతోందని కార్యదర్శిగారు కొంచెం నొచ్చుకున్నారని వినికిడి. రెండుసార్లూ స్టేషనులో బ్యాండు మేళంతో స్వాగతం జరిగింది.

మూడో ఏడు, అంటే నిరుడు మే నెలలో, నాకు పెళ్లయింది. మా ఆయన ఎలీయాజరు ఆ హైస్కూల్లో తాత్కాలిక డ్రిల్లు మాస్టారు. కనుక రగ్బీ జట్టుకు శిక్షకుడు కూడా. మేము మా అత్తయ్య దేవమణిగారి ఇంట్లో ఉండేవాళ్లం. ఆవిడ రిటైరైన నర్సు. ముప్పై ఏళ్లు వార్డును నడిపినట్టే వంటిల్లు నడుపుతారు. నేను బి.ఏ. చదివానని ఆవిడకు తెలుసు. ఆ సంగతి నేను కూర వండిన ప్రతిసారీ గుర్తు చేసేవారు.

"అమ్మీ, ఇందల ఉప్పు ఏసేవా, డబ్బా ఒక్కసారి సూపించి తీసేసేవా?"

మా ఆయన ఉద్యోగం ఖాయమైతే హైస్కూలు వెనక రెండు గదుల క్వార్టరు ఇస్తారు. దానికి విడిగా వంటగది ఉంది. వంటగదికి కిటికీ ఉంది. ఆ కిటికీలోంచి తొంగిచూస్తే గోడకు మూడు అలమరలు కనిపిస్తాయి. నేను అయిదుసార్లు చూశాను. ఆరోసారి కొట్పాడ్ నేత ఎర్రంచు బట్ట రెండు గజాలు కొని తెరకు కొలత కూడా తీసుకున్నాను. జట్టు సంతృప్తికరంగా అనుభవం సంపాదించి వస్తే ఉద్యోగం ఖాయం చేస్తామని కార్యదర్శిగారు మాట ఇచ్చారు. ఓడి రావడమే కదా, అది మా ఆయన వల్ల కాని పనేమీ కాదని నేను నిశ్చింతగా ఉన్నాను.

ఆ ఏడు జట్టులో గుణుపురం వైపు నుంచి అసిరయ్య అనే రైతు కొత్తగా చేరాడు. ఎరువుల కోసం రాయగడ వచ్చి, రైలు ఎక్కబోయి, ఎంపికైపోయాడు. కలకత్తాలో ఆట రోజు కుండపోతగా వాన కురిసింది. మైదానం మోకాలి లోతు బురద. ఎదుటి జట్టు పాత క్లబ్బు దొరలు మేకుల బూట్లతో దిగి, నిలబడ్డచోటే కూరుకుపోయారు. సగం ఆటకు పన్నెండు పాయింట్లు వెనకబడి, అంతా సవ్యంగానే నడుస్తుండగా అసిరయ్య మా ఆయన దగ్గరకు వచ్చి ఒక సందేహం అడిగాడు.

"మేస్టారూ, దీన్ని అట్టుకెళ్లి ఆ సివర గట్టు కాడ ఎట్టేసి రావడమేనా?"

"అంతే" అన్నారట మా ఆయన.

"మరి ముందే సెప్పరేటి బాబూ. మా ఊళ్లో నారు కట్టలు మొయ్యడమూ ఇదే గదా."

అసిరయ్య బూట్లు విప్పి పక్కన పెట్టాడు. బంతిని చంకలో పెట్టుకుని, దమ్ము పట్టిన మడిలో నడిచినట్టు బురదలో చకచకా వెళ్లి, గట్టు అవతల నెమ్మదిగా దించి వచ్చాడు. ఊడ్పుల రోజున ఒక్క కట్టతో పని అయిపోదు కనుక మళ్లీ వెళ్లాడు. మొత్తం నాలుగుసార్లు, సారికి నాలుగు పాయింట్లు. మడికి సరిపోతుందా అని కూడా అడిగాడట. పదహారు పన్నెండుతో రాయగడ గెలిచింది.

గెలిచామని వచ్చిన టెలిగ్రాం చూసి కార్యదర్శిగారు పోస్టాఫీసుకు మనిషిని పంపి తప్పు దిద్దించమన్నారు. స్టేషనులో బ్యాండు సిద్ధంగా ఉంది. ఉపన్యాసం ముందే రాసి ఉంది. రాసింది వృథా కాకూడదు కనుక ఆయన అదే చదివారు: "మన వీరులు ఎంత హుందాగా, ఎంత నిండుగా, ఎంత పరిపూర్ణంగా ఓడిపోయారో కలకత్తా మహానగరం కన్నులారా చూచినది." మేము చప్పట్లు కొట్టాం. రైలు దిగిన మా ఆయన చేతిలో నాకోసం తెచ్చిన గాజుల పొట్లం ఉంది. ఒక చెవికి అంటిన బురద ఇంకా తెల్లగా ఎండి ఉంది. నేను ఉపన్యాసం సగమే విన్నాను.

వారం తరువాత కలకత్తా పోటీ నిర్వాహకుల నుంచి ఉత్తరం వచ్చింది. గెలిచిన జట్టును అభివృద్ధి చెందుతున్న జట్ల జాబితాలోంచి తీసి, పాత జట్ల జాబితాలో చేర్చామని అభినందించారు. ఇకమీదట అనుభవం కోరే కొత్త జట్లు రాయగడకే వస్తాయని కూడా రాశారు. సంఘంలో గగ్గోలు పుట్టింది. ఏటా కలకత్తా ప్రయాణం పోయింది, స్వాగతం పోయింది. పైగా ఊళ్లో మైదానమంటే సంత జరిగే చోటు ఒక్కటే. వచ్చినవారికి ఇవ్వడానికి మన దగ్గర అనుభవం ఎక్కడుందని ఒక సభ్యుడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అనుమతి లేకుండా గెలిచినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలసిందిగా డ్రిల్లు మాస్టారికి కాగితం అందింది. ఖాయం చేసే ఫైలు, ఆ ఆట నియమం ప్రకారం, వెనకున్నవాడికి వెళ్లిపోయింది.

మా ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నేను తెరబట్టను పెట్టె అడుగుకు తోసేశాను. మూడో రోజు మళ్లీ పైకి తీసి, ఒళ్లో పెట్టుకుని, సంజాయిషీ నేనే రాశాను. బి.ఏ. చదువు అక్కరకొచ్చింది అప్పుడొక్కసారే. "అయ్యా, మా జట్టు గెలుపు ఉద్దేశపూర్వకముగా జరిగినది కాదు. ఎలా ఓడిపోవలెనో తెలిసినంత అనుభవము మావారికి ఇంకను లేకపోవుటచే పొరపాటున గెలిచినారు. కావున వారికి మరింత అనుభవము అత్యవసరమని మనవి."

కార్యదర్శిగారు దాన్ని సభలో రెండుసార్లు చదివించారు. ఆయన ముఖం వెలిగిపోయింది. అదే మాటలు ఇంగ్లీషులో కలకత్తాకు వెళ్లాయి. రాయగడను మళ్లీ అభివృద్ధి చెందుతున్న జాబితాలో చేర్చారు. బూట్లు విప్పరాదని అసిరయ్యకు హెచ్చరిక జారీ అయింది. మా ఆయన ఉద్యోగం ఖాయమైంది.

క్వార్టరులో చేరిన మొదటి ఆదివారం, తెర కట్టిన కిటికీ పక్కన నిలబడి చేపల పులుసు పెట్టాను. చర్చి నుంచి అత్తయ్య భోజనానికి వచ్చారు. ఒకసారి వేసుకున్నారు. రెండోసారీ వేసుకున్నారు. ఉప్పు గురించి ఏమీ అనలేదు. నాకు భయం వేసింది. ఆవిడ ముఖం టెలిగ్రాం అందుకున్న కార్యదర్శిగారి ముఖంలా ఉంది.

"బాగుందమ్మీ" అన్నారు చివరికి, కష్టంగా. "ఎలా కుదిరింది?"

ఒకసారి పనిచేసిన సంజాయిషీ మళ్లీ పనిచేస్తుందనుకున్నాను. అనుభవం లేక పొరపాటున అలా కుదిరిపోయింది అత్తయ్యా అన్నాను.

ఆవిడ ముఖం కూడా వెలిగింది. "అదీ సెప్పు. అనుభవం నేకపోతే మరెలాగమ్మా? నీకది వచ్చీదాకా నానిక్కడే ఉండి నేర్పుతాను" అని చెయ్యి కడుక్కుని, ట్రంకుపెట్టె తెమ్మని కొడుకును పంపించారు.

ఈ ఏడు కూడా రాయగడ జట్టు అనుభవం కోసం కలకత్తా వెళుతుంది. నేను ఎక్కడికీ వెళ్లనక్కరలేదు. పాత జట్టే ఉప్పు డబ్బాతో సహా మా ఇంట్లో దిగింది.