వెంకోబరావు తీసిన ఏడో కరువు

అనంతపురం కరువును గిట్టుబాటు పంటగా మార్చిన ఘనత డాక్యుమెంటరీ దర్శక నిర్మాత వెంకోబరావుగారిదే. పదేళ్లలో ఆరు కరువులు తీశాడు. ఆరూ పండాయి. గంజికేంద్రం ముందు ముసలమ్మను ఏ మూల నిలబెడితే ఢిల్లీవాళ్ల గొంతు పూడుకుపోతుందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

పాపం, అంతటి మనిషికి 1980 జూలైలో అన్యాయం జరిగింది. గోరంట్ల దగ్గర ఒక పల్లెలో ఏడో కరువు మొదలుపెట్టిన రెండోరోజే వాన దంచికొట్టింది. బీటలన్నీ పూడిపోయాయి. విశ్వాసం లేని జనం విత్తే గొర్రులు బయటికి తీసి, చెనిక్కాయ విత్తనాల మూటలు విప్పారు. అవార్డుకు ఫిల్ము పంపే గడువేమో నెలాఖరు. వెంకోబరావుకు కడుపు మండిపోయింది.

వెంటనే ఊరిని కూర్చోబెట్టి ఉపన్యసించాడు. “సోదర సోదరీమణులారా, ఈ చిత్రం చూసి ఢిల్లీ మీకు కరువు సాయం పంపుతుంది. తెరమీద తడి నేల కనబడిందా, సాయం రద్దు. నేల ఆరేదాకా విత్తనం ఆపండి. ఇది దేశసేవ.”

వెంట వచ్చిన అధికారి తల ఊపాడు. అధికారి తల ఊపితే పల్లెలో అది చట్టమే.

మూడెకరాల సుంకమ్మ మాత్రం లేచింది. “ఏమప్పా, పదును ఉండేదే మూడు దినాలు. తడి ఆరినంక ఇత్తనమేస్తే యాడ మొలుస్తాది? నా ఇంట్లో ఉండేదీ ఈ మూటొకటే.”

“కళ కోసం ఆ మాత్రం ఓర్చుకోలేవా తల్లీ?” అని వెంకోబరావు కళ్లు తుడుచుకున్నాడు.

వారం తిరిగేసరికి ఎండ దివ్యంగా కాసింది. గాలి తన వంతు సాయం చేసింది. మళ్లీ చినుకు లేదు. విత్తని చేలో మూట ఒళ్లో పెట్టుకుని సుంకమ్మ ఏడ్చిన ఏడుపుకు రిహార్సలు అక్కరలేకపోయింది. సాయం మాత్రం రాలేదు. జూలైలో అంత వాన నమోదైన ఊరికి కరువెలా వచ్చిందని పైనుంచి అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

చిత్రానికి అవార్డు వచ్చింది. అనంతపురంలో సన్మానం పెట్టి, సుంకమ్మనూ వేదిక ఎక్కించాం. మన ఊళ్లో చదువుకున్నవాళ్లలో రానివారు లేరు. తెరమీద చూసి వెక్కి వెక్కి ఏడ్చాం. ఆమెకు శాలువా కప్పుతుంటే మెల్లగా అడిగింది.

“నన్ను ఇడ్సండి సామీ. కూలికి పోయేటోళ్లంతా బెంగళూరు బస్సెక్కినారు. నా బిడ్డలు ఆ బస్సుకాడ నాకోసం కాసుకోనుండారు.”

“ఒక్క నిమిషమమ్మా” అన్నాం. ఇంకా ఫొటో తీయలేదు మరి. బస్సు పోయిన చప్పుడు హాల్లోకి వినిపించింది. ఆమె ముఖంలో భావం అప్పుడే బాగా పలికింది. అందరం దగ్గరికి జరిగి, కెమెరా వైపు చూశాం.