స్వయంచాలక బోర్డు ప్రారంభోత్సవం

"మానవ హస్తం తగలకుండా తనంతట తానే మొదలయ్యే పత్తి ధరల బోర్డు! మంత్రివర్యుల కరకమలములచే గురువారం ప్రారంభం!"

నందిగామ శివారులో ఫ్లెక్సీ లేచింది. ఆ వాక్యం రాసింది పత్తి కొనుగోలు కేంద్రం అధికారి రత్నబాబు. రాసి, పైకి చదువుకుని, కళ్లజోడు తుడుచుకున్నారు.

జగ్గయ్యపేట నుంచి వచ్చిన కాంట్రాక్టు ఇంజనీరు ఫ్లోరెన్స్, కేంద్రం గోడమీద బోర్డుగా పెట్టిన టీవీ వెనక అరచేతిలో పట్టేంత లినక్స్ కంప్యూటర్ బిగించింది.

"ఆటోస్టార్ట్‌లో పెట్టేసా సార్. కరెంటు రాగానే బోర్డు తెరుచుకుంటుంది. ఎవరూ ముట్టుకోనక్కర్లేదండి."

రత్నబాబు మురిసిపోయారు. మరుక్షణమే ముఖం పాలిపోయింది.

"మరి మంత్రిగారు ఏం నొక్కుతారమ్మా?"

"ఏమీ నొక్కరండి. అదేగా గొప్ప!"

"నొక్కకపోతే ఫొటో ఎట్లా వస్తుంది? తీసెయ్ ఆ ఆటోస్టార్టు!"

తీసేసింది. తెర మధ్యన ‘ప్రారంభించు’ అని ఎర్ర బటన్ పెట్టింది. గురువారం మంత్రిగారు మౌస్‌తో దాన్ని నొక్కారు. ధర వెలిగింది. చేతితో పనిలేని యంత్రం గురించి ఆయన రెండు చేతులూ ఊపుతూ గంటసేపు మాట్లాడారు.

శుక్రవారం కరెంటు పోయి వచ్చింది. తెరమీద ఎర్ర బటన్ ఒక్కటే మిగిలింది. చందర్లపాడు నుంచి పత్తి తెచ్చిన ఆరోగ్యమ్మ నిలదీసింది.

"రేటెంత సారూ? బయట దళారి నోటికొచ్చింది చెబుతున్నాడు."

ఫ్లోరెన్స్ మౌస్ అందుకోబోయింది. "ఒక్క క్లిక్ సార్."

"మంత్రిగారు నొక్కిన బటన్ నువ్వు నొక్కుతావా? ప్రోటోకాల్ ఏమైపోవాలి?"

"మబ్బు పట్టింది. ఆయనొచ్చేదాకా ఆగితే పత్తి తడిసిపోద్ది," అని ఆరోగ్యమ్మ దళారి చెప్పిన రేటుకే అమ్మేసి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం రత్నబాబుకు అన్నం సయించలేదు. ధైర్యం కూడగట్టుకుని మంత్రిగారి పీఏ భవానీప్రసాద్‌కు ఫోన్ చేశారు. మంత్రిగారు ఎంత సహృదయులంటే, విసుక్కోకుండా మళ్లీ వచ్చారు. మళ్లీ రిబ్బన్, మళ్లీ దండలు, మళ్లీ క్లిక్. కరెంటు మళ్లీ పోయింది. ఆయన మళ్లీ వచ్చారు. పేపర్లలో ఫొటోలు మొదటిసారి కంటే బాగా వచ్చాయి.

తర్వాత ఏమైందో గాని, కరెంటు పోవడం మానేసింది. బోర్డు వెలుగుతూనే ఉంది. రైతులు రేటు చూసుకుని అమ్ముకుంటున్నారు. రత్నబాబు కడుపునిండా తింటున్నారు. అప్పుడు పీఏ నుంచి ఫోన్ వచ్చింది.

"ఏంటండీ రత్నబాబు గారూ, మీ దగ్గర్నుంచి పిలుపే లేదు? సార్ అడుగుతున్నారు."

"బోర్డు ఆగట్లేదండి."

"అట్లాగైతే ఎట్లాగండీ? ఆదివారం సార్ ఖాళీ. శనివారానికల్లా కరెంటు పోవాలి."

"తప్పకుండా సార్."

రత్నబాబు ఫోన్ పెట్టేసి ఫ్లోరెన్స్ వైపు తిరిగారు.

"మెయిన్ స్విచ్ ఎక్కడుందమ్మా?"