రాయి మాస్టారి కెమెరా దిగ్విజయము

సకల హిమశిఖర సమూహ సమావృతంబై, పండిన ఆపిల్ తోటల పరిమళములతో ఘుమఘుమలాడుచు, వేసవి పచ్చికబయళ్ళ నుండి దిగివచ్చు గొఱ్ఱెమందల పాదధూళిచే ధూసరితంబైన కజక్ దేశపు తల్గర్ కొండల పాదపీఠంబున, శరదృతువునందు, శనివారమునాడు, ఉదయపు తేనీటి గిన్నె రెండవది యింకను ఖాళీ కాని శుభముహూర్తంబున, విశ్రాంత భూగోళశాస్త్రోపాధ్యాయుడును, డెబ్బది రెండేండ్ల ప్రాయమువాడును, రెండు మోకాళ్ళలో ఒకటి మాత్రమే చెప్పినమాట వినువాడునునగు ఓరిన్‌బాసర్ అను మహావీరుడు ఒక జూమ్ కెమెరా కొనుటకు కంకణము కట్టుకొని బయలుదేరెను. ఆ కథ చెప్పెదను, వినుడు. నేను ఆయన పక్కింటివాడను. ఇరువదేండ్లుగా మా ఉమ్మడి గోడపై మోచేతులు ఆనించి సర్వమును చూచినవాడను. చూడనిది కూడ చెప్పెదను. మా వీధిలో తెలుగు చదువువా రొక్కరును లేరు గనుక నాకే భయమును లేదు.

ఈ మహాసంగ్రామమునకు కారణము ఒక తెల్లని చుక్క. మా వీధి కెదురుగా, లోయ కావలనున్న కొండకొమ్మున, దినదినమును సూర్యోదయ వేళ నొక తెల్లని చుక్క తళుక్కున మెరసి, మధ్యాహ్నమునకు మాయమగుచుండును. అది తెల్లని కొండమేక యని ఓరిన్‌బాసర్ సిద్ధాంతము. కదలి పోవునది రాయి యెట్లగునని ఆయన తర్కము. అది ముమ్మాటికిని రాయియే యని ఆయన వియ్యంకుడు సబిర్‌జాన్ సిద్ధాంతము. దుర్బిణి పెట్టి చూచిన వారిలో సగముమందికి కొమ్ములు కనబడినవి, సగముమందికి బండ కనబడినది. అక్కడి కెక్కుటకు తిన్నని దారి లేదు. ఉన్నను ఎక్కదగిన మోకాళ్ళు ఆ యిద్దరికిని లేవు.

కడచిన వేసవిలో నొక విందునందు తన వంతు రాగా, మాస్టారు మైకు చేతబూని శుభాకాంక్షలు చెప్పుచు చెప్పుచు మేకలోనికి దిగెను. అంతట సబిర్‌జాన్ కూర్చున్నచోటి నుండియే బాణము వేసెను.

"బావగారూ, కూర్చోండి. మేకైతే ఏడేళ్ళ నుంచీ అక్కడే నిలబడి ఏం చేస్తోంది? పెన్షను కోసం క్యూలో ఉందా?"

రెండువందల మంది పగలబడి నవ్విరి. నేనును నవ్వితిని, తప్పే, ఒప్పుకొనుచున్నాను. నాటి నుండి ఆ మహనీయునకు రాయి మాస్టారు అను బిరుదు స్థిరపడెను.

అంతటితో పోయిన బాగుండును. ఆ ఇద్దరు వియ్యంకుల ఉమ్మడి మనుమని వివాహము ఆదివారము సాయంకాలమునకు నిశ్చయమయ్యెను. పెండ్లిలో కొత్త జంటకు దీవెన యిచ్చునది పెద్దవాడు. మాస్టారు సబిర్‌జాన్ కంటె నాలుగు నెలలు పెద్ద. సబిర్‌జాన్‌కు ఆ నాలుగు నెలలు కంటిలో నలుసువలె నుండెను. ఆతడు మా వీధి నడుమ నిలిచి సవాలు విసరెను.

"రాయిని మేక అన్న నోటితో మనవణ్ణి దీవిస్తారా బావగారూ? పెళ్ళిలోపు తేల్చండి. మేకైతే దీవెన మీది, అందరి ముందూ మీ కాళ్ళకి బూట్లు నేను తొడుగుతాను. రాయైతే దీవెన నాది. తేలలేదంటారా, సరే, పెద్దవారు కాబట్టి మీదే. కానీ తేలకుండా నేను వదలను."

ఆ పలుకులు చెవిన బడినంతనే మాస్టారు ముంగిట నున్న పీట నధిరోహించి, కుడిచేయి చాచి, నలువది యేండ్లు తరగతి గదులను గడగడలాడించిన కంఠంబెత్తి గర్జించెను.

"వినండి, ఓ తల్గర్ వాసులారా! ఏడు ఖండాలూ ఏడు సముద్రాలూ చూపించిన వేలు ఇది! ఈ వేలు ఒక్క మేకను చూపించలేదా? శిఖరాలు సాక్షి! హిమానీనదాలు సాక్షి! దాని గడ్డంలో వెంట్రుకలు లెక్కపెట్టి చూపించకపోతే నా పేరు ఓరిన్‌బాసరే కాదు!"

"ఆ అరిచేదేదో సమోవర్ పక్కన నిలబడి అరవండి, నీళ్ళన్నా తొందరగా కాగుతాయి," అని ఆయన సహధర్మచారిణి రౌషన్ లోపలినుండి పలికెను.

శుక్రవారము ఆవుపెయ్య అమ్ముడయ్యెను. ధనము చేతికి వచ్చెను. ఇక మిగిలినది కెమెరాను ఎన్నుకొనుట. ఇక్కడనే అసలు చిక్కు వచ్చి పడెను. ఆ వంశమున కెమెరాలను గూర్చి తెలిసినవాడు ఒక్కడే. వాడు మాస్టారి చెల్లెలి కొడుకు జానిబెక్. వయసు నలువది మూడు, వృత్తి టాక్సీ, వ్యసనము కెమెరాలు. వాడు మంచివాడే. కాని మేనల్లుడు.

మేనల్లుడు మేనమామ యింట తన జన్మలో మూడుమార్లు ఏది కోరినను కాదనరాదని ఇక్కడి కజక్కుల ధర్మము. కాదన్నవానికి నలుగురిలో తల యెత్తుకొను వీలుండదు. జానిబెక్ ఏడవయేట గుఱ్ఱపుపిల్లను కోరి తోలుకొనిపోయెను. ఇరువది మూడవయేట వేటకుక్కను కోరి, అది మొరుగుచుండగనే ఎత్తుకొనిపోయెను. మూడవ కోరికను ఇరువదేండ్లుగా వాడక దాచుకొని తిరుగుచున్నాడు. వాడు గుమ్మము దాటి వచ్చినప్పుడెల్ల రౌషన్ కొత్త వస్తువులపై దుప్పటి కప్పును. అట్టివానిని వెంటబెట్టుకొనిపోయి, వానిచేతనే యెన్నిక చేయించి, వాని కారులోనే కెమెరాను ఇంటికి తేవలెను.

అయినను భూగోళము చెప్పినవాడు వ్యూహ మెరుగనివాడు కాడు. వాని మూడవ కోరికను దారిలోనే మరియొక వస్తువుమీద ఖర్చు పెట్టించవలెనని నిశ్చయించి, నక్కతోలు టోపీని తలపై ధరించి, వెండిపిడి కత్తిని నడుమున దోపి, మాస్టారు కారెక్కెను. ఊరు దాటినంతనే కత్తిని తీసి, ఎండలో తళతళ మెరయునట్లు ఇటును అటును త్రిప్పెను.

"ఏరా జానిబెక్, ఈ కత్తి చూశావా? మా తాత చేయించింది."

"అబ్బో, భలే ఉంది మావయ్యా."

మాస్టారు కత్తిని వాని వైపునకు ఇంకొంచెము జరిపెను.

"జాగ్రత్తగా దోపుకో, కారు ఎగిరితే పొడుచుకుంటుంది."

మొదటి యెర వ్యర్థమయ్యెను. కొంతదూరము పోయిన పిదప టోపీని తీసి వాని నెత్తిమీదనే పెట్టెను.

"నీ తలకే కుట్టినట్టుందిరా. అద్దంలో చూసుకో."

"చెమట పోస్తోంది మావయ్యా, తీసెయ్."

"పోనీ ఇంట్లో వెండి జీను ఉంది. గోడకి ఊరికే వేలాడుతోంది."

"నా దగ్గర గుర్రమేదీ? దాన్ని టాక్సీ మీద వేసుకోవాలా?" అని జానిబెక్ నవ్వి, అద్దములో మామవంక ఓరకంట చూచెను. వానికి సర్వమును తెలియునని మాస్టారికి అప్పుడు తెలిసెను.

అల్మాటీ బజారున, ఫోన్లు, టీవీలు, వైర్లు కుప్పలు పోసియున్న వరుసలో, దిల్‌నాజ్ అను యువతి దుకాణమునందు సూపర్‌జూమ్ కెమెరాలు అద్దముల వెనుక బారులు తీరియుండెను. వాని మూతులు కొన్ని పొట్టివి, కొన్ని పొడవువి. మాస్టారు వానిముందు సేనాని వలె పచారు చేసి, రెండువందల నలువది రెట్లు అని పసుపు కాగితము అంటించిన దానిని చూపి, "అదిగో, అది!" అని సింహనాదము చేసెను.

"అది డిజిటల్ జూమ్ మావయ్యా," అని జానిబెక్ అడ్డుపడెను. "ఉన్న బొమ్మనే రబ్బరులా సాగదీస్తుంది. దాంతో తీస్తే సబిర్‌జాన్ బాబాయ్ కూడా మేకలాగే వస్తాడు."

"అయితే అదే ఇప్పించు."

"ఊరుకో మావయ్యా. అద్దం నిజంగా ఎంత దగ్గరికి లాక్కొస్తుందో ఆ అంకె చూడాలి. ఏమ్మా, అరవై రెట్లది ఉందా? వెనకాల తెర ఒక్కటే ఉంటే లాభం లేదు, ఎండలో ఏమీ కనపడదు. కన్ను ఆనించి చూసే కిటికీ ఉండాలి."

దిల్‌నాజ్ నల్లని దానినొకదానిని తీసి చేతికిచ్చి పలికెను. "అన్నకి బాగా తెలుసే! తాతగారూ, ఇది తీసుకోండి. చంద్రుడి మీద గుంటలు కూడా కనపడతాయి."

"చంద్రుడు నాకెందుకమ్మా? మేక కనపడుతుందా?"

"ఇంటి మేకా, కొండమేకా?"

"రాయి కాని మేక," అని మాస్టారు గంభీరముగా నుడివెను.

జానిబెక్ దానిని పుచ్చుకొని దుకాణపు గుమ్మమున నిలిచి జూమ్ మీట నొత్తెను. గొట్టము గుర్రుమని ముందునకు సాగెను. బజారు చివరను, సుమారు మూడువందల బారల దూరమున, సమ్సా యను మాంసపు సమోసా తినుచున్న యొక లావుపాటి మనుజుని మీసము ప్రత్యక్షమయ్యెను. మీసముపై ఉల్లిపాయ ముక్కయు ప్రత్యక్షమయ్యెను. జానిబెక్ "ఆహా" యనెను. మరల చూచెను. దించెను. తుడిచెను. ముచ్చటగా అరచేత తూచెను. మరల కన్ను ఆనించెను. వాని ముఖమున వెన్నవలె కరగుచున్న ఆ యానందమును గాంచి మాస్టారు కత్తిపిడిపై చేయి వేసెను. ఇక పెదవులు విచ్చునేమో, మూడవ కోరిక వెలువడునేమో!

"జానిబెక్! నా కత్తి చూశావా?"

"చూశాను మావయ్యా, పొద్దున్నే చూశాను," అని వాడు పెద్ద నిట్టూర్పు విడిచి కెమెరాను మామచేత పెట్టెను. "ఇదే తీసుకో. నేనైతే ఇదే కొంటాను. నా వల్ల ఎప్పుడవుతుందో గానీ."

ఆ తుదిమాట మాస్టారికి ముల్లువలె గ్రుచ్చుకొనెను. ఆయన విననట్లు నటించెను.

పిదప పరికరముల పర్వము. కెమెరాకు కార్డు కావలసివచ్చెను, కార్డుకు చిన్న పెట్టె కావలసివచ్చెను, కెమెరాకు సంచి కావలసివచ్చెను. అరువది రెట్ల జూమ్‌లో చేయి వణికినచో కొండకొండయే దుముకునని చెప్పి జానిబెక్ ముక్కాలి స్టాండు కొనిపించెను. దాని మూడు కాళ్ళును తెరచుటకు మాస్టారు గావించిన సమరము ఘోరము. ఒక కాలు సాగగా రెండవది ముడుచుకొనెను, రెండవదానిని లాగగా మూడవది దిల్‌నాజ్ తేనీటి గిన్నెను తన్నెను. తుదకు దిల్‌నాజ్ ఒక గొళ్ళెము నొక్కగా మూడును ఒక్కసారి దిగబడెను. "నా కాళ్ళకన్నా నయం," అని మాస్టారు దానిని భుజమున వేసుకొని జయప్రస్థానము సాగించెను.

ఆదివారము తెల్లవారెను. వీధి వీధియంతయు మాస్టారి ముంగిట చేరెను. సబిర్‌జాన్ మడతకుర్చీ తెచ్చుకొని మొదటి వరుసలో కూర్చుండెను. రౌషన్ నూనెలో వేయించిన వేడివేడి బౌర్సాక్ ఉండలు పంచెను. కొండకొమ్మున సూర్యకిరణము తగిలెను, తెల్లని చుక్క తళుక్కుమనెను. ఓరిన్‌బాసర్ మహావీరుడు ముక్కాలిపై కెమెరాను నిలిపి, టోపీ వెనుకకు నెట్టి, కన్నానించి, మీట నొత్తెను. లోయ దాటెను, దేవదారువులు దాటెను, మంచుపొర దాటెను, చుక్క పెరిగెను, పెరిగెను, పెరిగి పెరిగి స్పష్టమయ్యెను.

అది రాయి.

రాయి మాత్రమే కాదు. దానిపై తెల్లని రంగుతో బారెడేసి అక్షరములు వ్రాసియుండెను. "బోలాత్ ఇక్కడ టీ తాగాడు, 1987." ఏ మహానుభావు డెట్లెక్కెనో, అక్కడ టీ ఎట్లు కాచుకొనెనో దేవునికెరుక. ప్రొద్దుట ఎండ తగిలినప్పుడు ఆ రంగు మెరయును, మధ్యాహ్నము నీడ పడినంతనే మాయమగును. ఏడేండ్ల మేక ఒక్క క్షణమున చచ్చెను. మాస్టారు షట్టరు నొక్కలేదు, కన్ను తీయలేదు. ఆయన మెడవెనుక మాత్రము ఎఱ్ఱబడుట గోడమీదినుండి నాకు కనబడెను.

"ఏమైంది మావయ్యా? ఫోకస్ కుదరలేదా?" అని జానిబెక్ వచ్చి, మామను మెల్లగా జరిపి, తాను కన్నానించెను. వాని పెదవులు కదలినవి, అక్షరములు చదువుకొనుచున్నట్లుండెను. అంతట వాడును కదలక నిలిచెను.

సబిర్‌జాన్ కుర్చీనుండి లేచెను. "ఏంటి, ఇద్దరికిద్దరూ మాట పడిపోయింది? జరగండి, నేను చూస్తాను."

ఒక అడుగు వేసెను. రెండడుగులు వేసెను.

"ఆగండి," అని జానిబెక్ చేయి యెత్తెను. "మావయ్యా! నేను మూడోది అడుగుతున్నాను."

రౌషన్ బౌర్సాక్ పళ్ళెమును గుండెకు హత్తుకొనెను. మేకయు పోయె, మానమును పోవనుండె, ఇప్పుడు కెమెరాయును పోవుచున్నదని తలచి మాస్టారు ముక్కాలిని గట్టిగా పట్టుకొనెను. అయినను ధర్మము ధర్మమే.

"అడగరా," అని ఆయన నీరసముగా ననెను. "ఏది కావాలంటే అది నీదే."

"దీంట్లో బ్యాటరీ కావాలి."

"ఏంటీ?"

"బ్యాటరీ, మావయ్యా. బ్యాటరీ చాలు."

అని కెమెరా అడుగున మూత తెరచి, రెండువ్రేళ్ళ వెడల్పు గల ఆ నల్లని బిళ్ళను తీసి చొక్కాజేబులో వేసుకొనెను. కెమెరా కన్నుమూసెను. సబిర్‌జాన్ మూడవ యడుగు గాలిలోనే నిలిచెను.

"ఇదేం అన్యాయం! ఒరేయ్, అది పెట్టు, ఒక్కసారి చూసిస్తాను!"

"నా బ్యాటరీ బాబాయ్. నా ఇష్టం."

"ఇంకోటి కొనుక్కొస్తా!"

"దిల్‌నాజ్ దగ్గర ఇదొక్కటే ఉంది. మిగతావి మంగళవారం వస్తాయి. పెళ్ళి సాయంత్రమే కదా."

ముసలివారు కొందరు తలలు పంకించిరి. మేనల్లుడు కోరినాడు, మేనమామ ఇచ్చినాడు, అందులో తప్పు పట్టుటకు ఏమియు లేదు. మేకయని తేలలేదు, రాయియని తేలలేదు, కనుక దీవెన పెద్దవానిదే. సబిర్‌జాన్ కుర్చీ మడిచి, దానితోపాటు తానును మడచుకొన్నట్లు వంగి వెడలిపోయెను.

జనము చెదరిన పిదప మేనమామయు మేనల్లుడును ముక్కాలి పక్కను పీటపై కూర్చుండిరి. మాస్టారు మెల్లగా అడిగెను.

"చదివావా?"

"ఏం చదవాలి? నాకు కళ్ళజోడు లేదు."

"ఒరేయ్, ఇరవయ్యేళ్ళు దాచుకున్నావు. కెమెరా అడిగితే కెమెరాయే నీదయ్యేది. అప్పుడైనా ఆ వియ్యంకుడికి చూపించక్కర్లేదు కదరా."

"నిజమే," అని జానిబెక్ కాలితో మట్టి గీసెను. "కానీ నీ మెడలో కెమెరా లేకపోతే సాయంత్రం దీవెన ఇస్తుంటే ఊరంతా ఏమనుకుంటుంది? ఓడిపోయి ఇచ్చేశాడనుకోరూ?"

మాస్టారు కత్తిని తీసి వాని ఒడిలో పెట్టెను. "ఇది నువ్వడిగింది కాదు. నేనిస్తున్నది," అనెను. ఆయన కన్నులు చెమ్మగిల్లెను. నావియు చెమ్మగిల్లెను, గోడమీద గాలి యెక్కువ.

ఆ సాయంకాలము వివాహ మంటపంబున, ఓరిన్‌బాసర్ మహావీరుడు, ప్రాణము లేని కెమెరాను వక్షఃస్థలమున ధరించి, మైకు పుచ్చుకొని, రెండరచేతులును ఆకాశమునకు చాచెను. మేక మాట యెత్తునేమో యని అందరును ఎదురుచూచిరి. ఆయన ఎత్తలేదు.

"మీ ఇంట పిల్లలు పుట్టాలి," అని దీవించెను. "మగపిల్లలు పుట్టాలి, ఆడపిల్లలు అంతకంటే ఎక్కువ పుట్టాలి. ఆ ఆడపిల్లలకి కొడుకులు పుట్టాలి. వాళ్ళు మీ ఇంటికొచ్చి మూడుసార్లు అడగాలి. ఆమీన్."

ఇదేమి దీవెనయో సబిర్‌జాన్‌కు బోధపడలేదు. వెనుక బల్లకడ టాక్సీ తాళములు వ్రేలికి త్రిప్పుకొనుచున్న ఒక్కనికి బోధపడి, వాడు తల వంచుకొనెను. ఇట్లు ఒక కెమెరాయును, ఒక సంచియును, ఒక కార్డును, ఒక ముక్కాలియును స్వగృహముననే నిలుపుకొని, మంగళవారము వచ్చిన బ్యాటరీని మాత్రము కొనక, మా రాయి మాస్టారు త్రిలోక విజేతయై నేటికిని వెలుగొందుచున్నాడు.