భూప్రదక్షిణానికి ఒక బస్సు సీటు

బస్టాండులో మూడో నంబరు రిజర్వేషన్ కౌంటరు గుమస్తాకి ఆ ఉదయం కూడా ఉన్న ప్రణాళిక ఒక్కటే. ఎనిమిదింటికి కిటికీ తెరవాలి, ఒంటిగంటకి మూయాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన చేస్తున్నది అదే. అసలు పేరు జనం ఎప్పుడో మరిచిపోయి ఆయన్ని మూడో నంబరు అనే పిలుస్తున్నారు. ఫారంలో వయసు గడి ఖాళీగా ఉంటే కన్నతల్లికైనా టికెట్టివ్వడని ఆయనకి పేరు. నిజానికి ఓసారి ఇవ్వలేదు కూడా. వేలమందిని ఊళ్ళకి పంపించిన ఆ మనిషి తాను మాత్రం ఇంటి నుంచి బస్టాండుకీ, బస్టాండు నుంచి ఇంటికీ తప్ప ఎక్కడికీ వెళ్ళిన పాపాన పోలేదు.

ఇల్లాలికి నాలుగు గంటల బస్సు దూరంలో ఒక చెల్లెలుంది. ఓసారి వెళ్ళి వద్దామని ఆవిడ అడిగినప్పుడల్లా ఆయన "చూద్దాం" అనేవాడు. పండగ రద్దీ అని ఓసారి, వేసవి రద్దీ అని ఓసారి, రద్దీ లేనప్పుడు లెక్కలు అప్పచెప్పాలని ఓసారి. ఆ మాట వయసు వాళ్ళ పెళ్ళి వయసుకి ఆరు నెలలు తక్కువ. ఇది ఆయనకి తెలియక కాదు. ఈమధ్య ఆవిడ అడగడం మానేసింది, అదే ఆయన్ని ముల్లులా గుచ్చుతోంది. ఇన్నేళ్ళ "చూద్దాం"కి నాలుగు గంటల బస్సు ఏం సరిపోతుంది? తీసుకెళితే నోరు తెరుచుకుని చూసేలా తీసుకెళ్ళాలి. రిటైర్మెంటు ఇంకో మూడు నెలలుంది.

సరిగ్గా ఆ ఉదయమే బావమరిది వచ్చి స్టూలెక్కి సీలింగ్ ఫ్యాను విప్పాడు. వాడు వృత్తిరీత్యా మెకానిక్కు, ప్రవృత్తిరీత్యా సలహాదారు. ఫ్యాను రెక్క చేతికిస్తూ బావగారి చెవిలో ఒక రహస్యం వేశాడు. ప్రపంచం చుట్టూ తిప్పి తెచ్చే టికెట్టని ఒకటుందట. దాని ధర ప్రయాణం ఏ దేశంలో మొదలుపెడితే ఆ దేశాన్ని బట్టి మారుతుందట. ఇక్కడ మొదలుపెడితే ఇల్లు అమ్ముకోవాలి. ఎక్కడో సముద్రం మధ్యనున్న ఒక బుల్లి దేశంలో మొదలుపెడితే అందులో మూడో వంతే. అదీ ఫస్ట్ క్లాసులో.

"అదే సీటు, అదే విమానం. ఎక్కే గుమ్మమే వేరు బావగారూ," అన్నాడు వాడు. "చవగ్గా దొరుకుతుంటే వదులుకోవడం నాకైతే పాపం అనిపిస్తుంది."

మూడో నంబరు నవ్వేసి కౌంటరుకి వెళ్ళిపోయాడు గానీ ఆ రోజు చిల్లర రెండుసార్లు తప్పుగా ఇచ్చాడు. సాయంత్రం ఆ టికెట్టు నిబంధనలు తెప్పించుకున్నాడు. నలభై పేజీలు. వెళితే తూర్పుకే వెళ్ళాలి, లేకపోతే పడమరకే, వెనక్కి తిరగకూడదు. రెండు మహాసముద్రాలూ దాటాలి. పదహారు విమానాలకి మించకూడదు. మొదలుపెట్టిన దేశంలోనే ముగించాలి. మొదటి విమానం ఎక్కకపోతే తక్కినవన్నీ రద్దు. చదువుతున్నకొద్దీ ఆయనకి ఒళ్ళు పులకరించింది. తనంత కచ్చితమైన మనుషులు లోకంలో ఇంకా ఉన్నారని ఆయనకి అప్పటిదాకా తెలియదు.

ఇక ఆయనకి నిద్రాహారాలు లేవు. వీసా అక్కర్లేని ఊళ్ళే ఏరాడు. ఏ ఊళ్ళో దిగితే తర్వాతి విమానానికి ఎంత వ్యవధి ఉంటుందో చార్టు గీశాడు, ఎరుపు సిరాతో, కింద సంతకంతో సహా. విమానాల కంపెనీ ఆఫీసు మనకి తెల్లవారేటప్పుడే తెరుస్తారు. అందుకని రోజూ పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి, నీళ్ళ తొట్టి వెనక నిలబడి, ఫోన్లో టికెట్లమ్మాయితో గుసగుసగా మాట్లాడేవాడు. ఇల్లాలు పళ్ళు తోముకోవడానికి వచ్చి ఒకరోజు విన్నది ఇది: "లేదమ్మా, మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. రిటైరయ్యేముందు చెప్తాను. ఈలోగా తెలిస్తే అంతా పాడైపోతుంది."

ఆవిడ ఏమీ అనలేదు. అనే మనిషైతే కథ అక్కడితోనే అయిపోయేది.

టికెట్లు రెండూ కొన్నాక ఆయనకి ఒక అనుమానం పట్టుకుంది. ఇల్లాలికి నడుం నొప్పి, గంటకి మించి కూర్చుంటే బిగుసుకుపోతుంది. ఫస్ట్ క్లాసు సీటు వెనక్కి వాల్చితే మంచమవుతుందని ఆ అమ్మాయి చెప్పింది, కొలతలు కూడా చెప్పింది. చెప్పినదాన్ని సరిచూసుకోకుండా నమ్మడం ఆయన ఉద్యోగంలో లేదు. ఒక మధ్యాహ్నం ఆవిడ నిద్రపోతుండగా టేపు తెచ్చి తల నుంచి కాళ్ళదాకా కొలిచి, చీటీ మీద రాసుకుని, అటూ ఇటూ చెరో జానెడు మిగులుతుందని తృప్తిపడ్డాడు. ఆవిడ ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది.

మర్నాడు తమ్ముణ్ణి పట్టుకుని, మీ బావ నన్ను టేపు పెట్టి కొలిచారు, ఎందుకై ఉంటుందని అడిగింది. వాడికి సంగతి తెలుసు, చెప్పకూడదనీ తెలుసు. నోట్లో నాలుగు మేకులు పెట్టుకుని ఉన్నాడు కాబట్టి ఆలోచించే వ్యవధి దొరికింది. మేకులు తీసి, కొత్త మంచం చేయిస్తున్నారేమో అక్కా, అన్నాడు. ఇల్లాలు సంబరపడిపోయింది. కొత్తది వచ్చేలోగా గది ఖాళీ చేద్దామని ఆ సాయంత్రమే పాత మంచాన్ని ఇస్త్రీబండి ఆవిడకి ఇచ్చేసింది.

ఇంటికొచ్చిన మూడో నంబరు మంచం ఉండాల్సినచోట చాప చూసి నిలువునా నీరైపోయాడు. కొత్త మంచం లేదంటే టేపు ఎందుకో చెప్పాలి. టేపు ఎందుకో చెబితే ఇన్నాళ్ళ రహస్యం గంగలో కలుస్తుంది. అందుకని, వస్తోంది, వడ్రంగి పాలిష్ పెడుతున్నాడన్నాడు. ఆ పాలిష్ రెండు నెలలైనా ఆరలేదు. ఆవిడ నడుం సంగతి సరే, ఈయన నడుం కూడా పట్టేసింది. పాస్‌పోర్టుకి ఫొటోలు, వేలిముద్రలు కావలసి వచ్చినప్పుడు పెన్షన్ కాగితాల కోసమని చెప్పి తీసుకెళ్ళాడు. పది వేళ్ళూ అద్దం మీద నొక్కించుకుంటుంటే, పెన్షనిచ్చేవాళ్ళకి మనమంటే మరీ ఇంత అనుమానమా అని ఆవిడ బాధపడింది.

తెల్లవారు ఫోన్లు, టేపు, రాని మంచం, వేలిముద్రలు. వీటన్నిటినీ ఆవిడ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంది. రిటైరయ్యేముందు కొందరు మగవాళ్ళకి అదోలా అవుతుందని చెల్లెలు ఫోన్లో చెప్పింది. అలాంటి మనిషి రిటైరైన మర్నాటినుంచి ఇరవై నాలుగ్గంటలూ, చేతిలో టేపుతో సహా, ఇంట్లోనే ఉంటాడు. ఇల్లాలు గట్టిగా ఒక నిర్ణయానికి వచ్చింది. అదేమిటో అప్పటికి ఎవరికీ చెప్పలేదు. భర్త దగ్గర నేర్చుకున్న విద్యే.

ఆఖరి పనిదినానికి ముందు సాయంత్రం మూడో నంబరు కవరు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పదహారు ఊళ్ళూ వేలు పెట్టి చదివింది. ఫస్ట్ క్లాసు అన్నచోట వేలు ఆగిపోయింది.

"నా కోసమేనా?"

"మరెవరికోసం? పడుకుని వెళ్ళొచ్చు. నీ నడుముకి ఇబ్బంది ఉండదు, కొలిచాను."

"అందుకా టేపు," అంది ఆవిడ. నవ్వింది, ఆపైన కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇంతమాత్రానికి మంచం పోగొట్టుకున్నామా అని మళ్ళీ నవ్వింది. మూడో నంబరుకి ముప్పై ఒక్క ఏళ్ళ బరువు దిగినట్టయింది. అప్పుడావిడ టికెట్టు మీద తేదీ చూసి, ఏదో చెప్పబోయి, ఆయన మొహంలో వెలుగు చూసి మింగేసింది. చివరికి ఒక్కటే అడిగింది.

"ఇంతకీ ఎయిర్‌పోర్టుకి ఎలా వెళ్తున్నాం?"

"ఎలా ఏంటి, బస్సులో. ఎల్లుండి పొద్దున్న ఆరింటికి..." అని ఆయన అక్కడే ఆగిపోయాడు.

ఎయిర్‌పోర్టున్న పెద్ద ఊరు తొమ్మిది గంటల దూరం. ఆ బుల్లి దేశానికి వెళ్ళే చవక విమానం ఎల్లుండి రాత్రికి అక్కడినుంచే. విమానానికి అందే బస్సు ఒక్కటే. పదహారు విమానాల్లో సీట్లు, కిటికీ పక్కనో కాదో కూడా చూసి పెట్టిన మనిషి ఆ బస్సులో సీటు రిజర్వు చేసుకోలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయనకి టికెట్టు అవసరమైంది ఎన్నడని? సముద్రంలో చేపకి దాహం గుర్తుంటుందా. వరుసగా మూడు రోజులు సెలవులు. ఊళ్ళో టాక్సీలన్నీ వారం కిందటే బుక్కైపోయాయి. బావమరిది వ్యాను ఇంజను ఆర్నెల్లుగా వాడి వరండాలో పాత పేపరు మీద ఆరబోసి ఉంది.

మర్నాడు కిటికీ తెరవగానే చార్టు చూశాడు. ఆ బస్సు నిండిపోయింది. ఆఖరి సీటు రెండు వారాల కిందట తానే అమ్మాడు, నమస్కారం కూడా పెట్టించుకున్నాడు. సిబ్బంది కోటా ఉండేది ఒకప్పుడు. అది ప్రజలకి అన్యాయమని తొమ్మిది ఉత్తరాలు రాసి ఎత్తివేయించింది ఎవరు? మూడో నంబరే. గుమస్తా తన కౌంటర్లో తన టికెట్టు తాను కొట్టుకోకూడదన్న నిబంధనకి కూడా మూలపురుషుడు ఆయనే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇక్కడ వడ్డించేవాడు తానే అయ్యాడు, విస్తరి మాత్రం లేదు.

చేసేది లేక కుర్చీలో తన స్థానానికి రాబోయే అమ్మాయిని కూర్చోబెట్టి, బయటికి వచ్చి, తన కిటికీ ముందే వరుసలో నిలబడ్డాడు. పద్దెనిమిదో మనిషి. బయటివైపు నుంచి ఆ కిటికీ అంత ఎత్తుగా, అంత ఇరుగ్గా ఉంటుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. వంతు వచ్చేసరికి ఒంటిగంటకి మూడు నిమిషాలుంది.

"ఫారంలో వయసు రాయలేదు సార్," అంది అమ్మాయి. ఆమెకి పని నేర్పింది ఆయనే.

ఆయన వయసు రాసి ఇచ్చాడు. ఆమె చూసి, వెయిటింగ్ లిస్టులో పందొమ్మిది, ఇరవై అని చెప్పింది. ఎవరైనా మానుకుంటే ఏమైనా అని ఆయన నసిగాడు. ఆ మాటకి ఏమని జవాబివ్వాలో ఆమెకి ఆయనే నేర్పాడు కాబట్టి, బస్సు బయల్దేరాక తెలుస్తుంది సార్ అని కిటికీ మూసేసింది. భోజన విరామం బోర్డు ఆయన ముక్కుకి తగిలింది. దాని మీది అక్షరాలు ఆయన రాసినవే. సాయంత్రం అదే చోట ఆయనకి శాలువా కప్పారు, ఆయన నిజాయితీ గురించి ముగ్గురు మాట్లాడారు. ప్రతి మాటా ఆయనకి చెంపదెబ్బలాగే ఉంది.

ఇంటికొచ్చి శాలువాతో సహా చాప మీద కూలబడ్డాడు. "ఏనుగు వెళ్ళింది, తోక చిక్కింది," అన్నాడు. "చూద్దాం చూద్దాం అని నీ జీవితమంతా గడిపేశాను. ఈసారి కూడా నిన్ను తీసుకెళ్ళలేకపోయాను."

ఇల్లాలు లేచి, బియ్యం డబ్బా వెనకనుంచి రెండు బస్సు టికెట్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది. రేపు పొద్దున్న ఆరింటి బస్సు. పదకొండు, పన్నెండు సీట్లు. నాలుగో నంబరు కౌంటర్లో నెల రోజుల కిందట కొన్నవి.

"మా చెల్లెలి ఊరిదాకా," అంది తలొంచుకుని. "మీరు ఇంట్లో కూర్చునే మొదటి రోజే వెళ్ళిపోదామనుకున్నాను. భయమేసిందండీ. టేపూ అదీ చూసి."

ఆయన టికెట్లు రెండూ తిప్పి చూశాడు. "రెండెందుకు కొన్నావు? నేను వస్తాననా?"

"ఒకటి నాకు. ఒకటి నా బుట్టకి. పక్కన ఎవరైనా కూర్చుంటే నడుం వాల్చుకోడానికి ఉండదు కదా."

అలా మర్నాడు మూడో నంబరు బుట్టగారి సీటులో, బుట్టని ఒళ్ళో పెట్టుకుని, జీవితంలో మొదటిసారి రిజర్వేషన్ ప్రయాణం చేశాడు. చెల్లెలి ఊరు దాటాక ఆ సీట్లు వేరేవాళ్ళవి. అక్కణ్ణుంచి నిలబడి వస్తామని కండక్టర్ని బతిమాలాడు. కండక్టరు వినయంగా తలుపు పైనున్న బోర్డు చూపించాడు. నిలబడి ప్రయాణించరాదు. కింద ఉత్తర్వు నంబరు చూడగానే, అది ఎవరు పెట్టుకున్న అర్జీ మీద వచ్చిందో ఆయనకి గుర్తొచ్చింది.

అప్పటికి బాగా తెల్లవారింది. ఆయన ఫోను తీసి టికెట్లమ్మాయికి సంగతి చెప్పాడు. చవక విమానం ఎలాగూ పోయింది, దాన్ని తలుచుకుని లాభం లేదు. భూప్రదక్షిణం టికెట్టుకి మాత్రం మొదటి విమానం కదలకముందే చెబితే ఒక్కసారి ఉచితంగా తేదీ మార్చుకోవచ్చని, ముప్పై ఒకటో పేజీలో ఉందని ఆ అమ్మాయి అంది. ఆయనకి పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఫోను చేత్తో మూసి ఇల్లాలి వైపు తిరిగాడు.

"ఇంకా పోలేదట. ఎల్లుండి అనమంటావా, వచ్చే వారమా? ఎప్పటికి మార్చమందాం?"

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. తెల్లవారు గాలికి జుట్టు చెదిరింది, సరిచేసుకోలేదు. చెల్లెలు నిన్ననే పెద్ద మంచం మీద కొత్త పరుపు వేయించిందట. ముప్పై ఏళ్ళ కబుర్లున్నాయి, రెండు నెలల నడుం నొప్పి ఉంది.

"చూద్దాం," అంది ఆవిడ.

ఆ మాటకి ఏ తేదీ వేయాలో నలభై పేజీల్లో ఎక్కడా లేదు.