చదివి సంతకం పెట్టండి

నేను టెస్ట్ లీడ్‌ని. ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. మా అమ్మ ఓబులమ్మకు ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు, "దీనికి జీతం కూడా ఇస్తారా? మీ నాయన ఇంట్లో ముప్పై ఏండ్లు ఊరికే చేసినాడు కదరా" అంది.

కాబట్టి పరీక్షలు పెట్టడం నాకు చేతనైన పని అని నేను అనుకోవడంలో తప్పు లేదు. తప్పంతా ఆ తర్వాత జరిగింది. మీరంతా పెళ్లయినవాళ్లు కనుక చెబుతున్నాను. టీ చల్లారేలోగా అయిపోతుంది.

జనవరిలో ఒక ఆదివారం మా ఆవిడ సౌజన్య దోసె నా పళ్లెంలో వేస్తూ, "పీహెచ్‌డీకి అప్లై చేశాను" అంది.

"చేద్దామనుకుంటున్నావా?"

"చేశాను. ఫీజు కూడా కట్టేశాను."

సౌజన్య అనంతపురంలో బోటనీ ఎమ్మెస్సీ చదివింది. వేరుశనగ ఆకుమచ్చ తెగులు మీద ప్రాజెక్టు చేసింది. తర్వాత పెళ్లి, తర్వాత కొత్తగూడలో ఈ ఫ్లాటు, తర్వాత మా పాప చిన్ను. పదకొండేళ్లు గడిచాయి. తెగులు మాత్రం అలాగే ఉందట. ఇప్పుడు ఊళ్లోని ఒక యూనివర్సిటీలో అదే తెగులు మీద పనిచేసే మేడం దగ్గర ఒక్క సీటు ఖాళీగా ఉంది. ఆ మేడం మూడేళ్లలో రిటైరవుతారు. వచ్చే ఏడు ఎవరినీ తీసుకోరు. ఈ ఏడు రాకపోతే ఇక రాదు.

మధ్యలో ఒక ప్రవేశ పరీక్ష ఉంది. అందులో సగం ఇంగ్లీషు. గ్రామరు, మాటల అర్థాలు, పాసేజీ చదివి జవాబులు. ఇంగ్లీషులో యాభైకి పాతిక రాకపోతే బోటనీ పేపరు దిద్దనే దిద్దరు. సౌజన్య డిగ్రీ దాకా తెలుగు మీడియం.

"బోటనీకి భయం లేదండీ. ఇంగ్లీషే" అంది.

నాకు భయం ఇంగ్లీషు కాదు, దోసె. పదకొండేళ్లుగా ఏడున్నరకు దోసె వస్తోంది. అది ఎక్కణ్నుంచి వస్తోందో నేను విచారించలేదు. ఆమె ఎనిమిదికి మెట్రో ఎక్కితే ఆ సప్లై ఆగిపోతుందని మాత్రం వెంటనే అర్థమైంది.

రెండోది, కింద లిఫ్టు పక్కన పేర్ల బోర్డు. 304 ఎదురుగా ఇప్పుడు నా పేరొక్కటే ఉంది.

"డాక్టర్ సౌజన్య అని బోర్డు పెడితే కడుపునొప్పి వచ్చినవాళ్లంతా మన తలుపు కొడతారు" అన్నాను.

"ఆకుల మీద మచ్చలున్నాయా అని అడిగి పంపించేస్తాను లెండి."

మాటలతో పని జరగదని తెలిసింది. అప్పుడు నాకు ఆ ఆలోచన వచ్చింది. "నేను మాక్ టెస్టులు పెడతాను. వారానికి ఒకటి" అన్నాను.

ఆమె అట్లకాడ ఆపి నావైపు చూసింది. "నిజంగానా?"

"మనిషికి మొగుడున్నది ఎందుకు?"

ఎందుకో మీకు చెబుతాను. మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఏదైనా సాఫ్ట్‌వేర్ బయటికి రాకూడదనుకుంటే వద్దని ఎవరూ అనరు. అది ఓడిపోయేదాకా టెస్టులు పెడుతూ పోతారు.

పేపర్ల కోసం 104లో ఉండే చలపతిరావు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన కాకినాడలో ముప్పై నాలుగేళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు మా అసోసియేషన్ సెక్రటరీ. చెత్తబుట్ట దగ్గర్నుంచి చెప్పుల స్టాండు దాకా అన్నింటికీ సర్క్యులర్ ఇస్తారు కనుక ఆయన పేరు సర్క్యులర్ చలపతిరావు.

"కష్టమైన పాసేజీలు కావాలండి" అన్నాను.

"ఎంత కష్టమండి?"

"రాసేవాళ్లు మానేసేంత."

ఆయన కళ్లజోడు పైనుంచి చూశారు. "ఎవరండీ రాసేది?"

"మా ఆవిడ."

"అలాగా" అన్నారు. అని, లోపలికెళ్లి ఏడు పుస్తకాలు తెచ్చిచ్చారు.

మొదటి పేపర్లో ఐస్‌లాండ్ సముద్రంలో చేపలు పట్టే హక్కుల గురించి పెట్టాను. రెండోదాంట్లో పాతకాలం గడియారాల్లో లోలకాలు. మాటల అర్థాల కింద నేను కూడా పలకలేని మాటలు ఏరి పెట్టాను. సౌజన్య ప్రతి ఆదివారం కూర్చుని రాసింది. నేను ఎర్రపెన్నుతో దిద్దాను.

మొదటిదాంట్లో ఆమెకు ముప్పై ఒకటి వచ్చాయి. నేను ఇరవై ఒకటి వేశాను. రెండోసారి ముప్పై నాలుగు. పంతొమ్మిది వేశాను.

"తగ్గాయే" అంది.

"తగ్గాయి."

"అయితే ఇంకొంచెం కష్టమైనది పెట్టండి."

ఇంతలో మా అమ్మకు పాసేజీల మీద గురి కుదిరింది. సౌజన్య కూరగాయలు తరుగుతూ ఆమెకు తెలుగులో చెప్పేది. పరీక్షల పాసేజీలకు మొదలుంటుంది కానీ ముగింపు ఉండదు. అమ్మకు అది నచ్చలేదు.

"ఏంరా మధూ, ఆ చేపలు కడాకు ఎవురికి పోయినాయిరా?"

"పాసేజీలో లేదమ్మా."

"సగం కత రాసి పరీచ్చ పెడితే ఆ పిల్ల యాడ రాస్తాది?"

మూడోవారం పొద్దున నేను మాదాపూర్‌కు బయల్దేరుతూ షూ వేసుకుంటుంటే సౌజన్య నాలుగు కాగితాలు తెచ్చింది. "నా పీహెచ్‌డీకి మీ ఒప్పుకోలు. చదివి సంతకం పెట్టండి."

నేను చివరి పేజీ తిప్పి సంతకం పెట్టాను. క్యాబ్ కింద హారన్ కొడుతోంది.

"చదవరా?"

"చదివాను కదా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. చూశాను."

మీరు నవ్వకండి. మీలో ఎవరైనా ఫోన్లో ఏ యాప్ షరతులైనా చదివి ఒప్పుకున్నారా? వేలితో కిందిదాకా తోసి టిక్కు కొట్టడమే. మా ఆఫీసులో ఎవరైనా చదివి సంతకం పెడితే, ఉద్యోగం మారుతున్నాడేమోనని అనుమానిస్తారు. ఆ నాలుగు కాగితాలు ఏ భాషలో ఉన్నాయో కూడా నేను చూడలేదు.

ఆరోవారానికి ఆమె మార్కులు నిజంగా ముప్పై ఎనిమిది. కంగారు పుట్టింది. పేపరు కష్టంగా ఉంటే చాలదు, హాలు కూడా కష్టంగా ఉండాలని తేల్చుకున్నాను. ఏడు రూల్స్ అచ్చువేసి ఫ్రిజ్‌కు అంటించాను. రాసేవాళ్లు కుర్చీ దిగకూడదు. ఇన్విజిలేటర్ హాలు వదలకూడదు. రూల్ నాలుగు: బయటికి వెళ్లినవాళ్లను పరీక్ష మొదలై గంట దాటేదాకా లోపలికి రానివ్వకూడదు. ఇన్విజిలేటర్ మా అమ్మ. ఆమెకు రూల్స్ మూడుసార్లు చదివి వినిపించాను. అదే నా పొరపాటు.

పదింటికి పరీక్ష మొదలైంది. పదీ ఇరవైకి మా మేనేజర్ అర్జెంట్ సురేంద్ర ఫోన్ చేశాడు. హాల్లో మాట్లాడకూడదు కనుక బాల్కనీలోకి వెళ్లాను. వెనక గడియ పడింది.

"మధూ, లాప్‌టాప్ తెరిచి స్క్రీన్ చూపించు. క్లయింటు లైన్లో ఉన్నాడు" అన్నాడు సురేంద్ర.

లాప్‌టాప్ సోఫా మీద ఉంది. అద్దం తలుపు మీద కొట్టాను. అమ్మ వచ్చింది. నోటిమీద వేలు పెట్టుకుంది.

"అమ్మా, తలుపు తియ్యి."

"గమ్మునుండు. పిల్ల రాస్తాంది."

"ఆఫీసు పనమ్మా!"

ఆమె ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి, నాలుగో రూలు మీద వేలు పెట్టి, ఆ వేలితోనే గోడ గడియారం చూపించి, వెళ్లి కూర్చుంది.

అప్పుడు వంటింట్లో కుక్కర్ కూయడం మొదలుపెట్టింది. సౌజన్య కుర్చీ దిగకూడదు. అమ్మ హాలు వదలకూడదు. పనికి వచ్చే కిష్టమ్మ స్టవ్ కట్టేయబోతే అమ్మ అడ్డుకుంది, చప్పుడు చేయకూడదని ఆరో రూలు.

"మధూ, ఆ విజిల్స్ ఏంటి?" అన్నాడు సురేంద్ర.

"సిస్టమ్ అలర్ట్స్ సార్."

"ఎన్ని?"

లెక్కపెట్టాను. "పదకొండు సార్."

"పదకొండా! ముందు దాని సంగతి చూడు!"

కింది నుంచి చలపతిరావు గారు తల పైకెత్తారు. "మధుసూదన్ గారూ, బాల్కనీల్లో కేకలు వేయకూడదని పోయిన నెల సర్క్యులర్ ఇచ్చానండి. తమరి పప్పు కూడా మాడుతోందండి."

పదకొండింటికి తలుపు తెరిచారు. కిష్టమ్మ నన్ను చూసి, "ఏంది సారూ, ఇంత సేపు ఎండల పెట్టిండ్రు నిన్ను. నీ రూలే నిన్ను కొట్టె గద" అంది.

ఆ పేపర్లో సౌజన్యకు ముప్పై తొమ్మిది వచ్చాయి. నేను పదిహేడు వేశాను. ఆమె కాగితం చాలాసేపు చూసింది.

"నిజం చెప్పండి. నేను రాయగలనా?"

ఆ మాట అడిగినప్పుడు ఆమె చేతిలో పెన్ను మూత ఉంది. దాన్ని పెట్టి తీసి, పెట్టి తీసి చేస్తోంది.

"కష్టమే" అన్నాను.

"సరే" అంది. లేచి వెళ్లి మాడిన పప్పు వడ్డించింది. అందరికీ పైనుంచి తీసి వేసింది. నాకు అడుగుది వేసింది.

మే నెలలో పరీక్ష రాసింది. జూన్‌లో ఫలితాలు వచ్చాయి. ఇంగ్లీషులో యాభైకి నలభై మూడు. తర్వాత ఇంటర్వ్యూ. జులై మొదటివారంలో సీటు ఖాయమైందని మెయిల్ వచ్చింది. ఆమె ఆ మెయిల్ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా రెండుసార్లు చదివింది. అమ్మ ఆమె రెండు చెంపలూ పట్టుకుంది. చిన్ను సోఫా మీద గెంతింది. నేను కూడా సంతోషపడ్డాను. అది నాకే ఆశ్చర్యం.

అందుకే ఒప్పుకోవాలనిపించింది. "సౌజన్యా, నేనొక తప్పు చేశాను. ఆ మార్కులు..."

"పది తగ్గించారు. తర్వాత పదిహేను. చివర్లో ఇరవై రెండు" అంది.

ఆమె బీరువాలోంచి పేపర్ల కట్ట తీసింది. నేను దిద్దిన ఎర్రగీతల పక్కన ప్రతి పేపర్లో ఆకుపచ్చ గీతలు ఉన్నాయి. ప్రతి తప్పు కిందా అది ఎందుకు తప్పో నాలుగు లైన్ల వివరణ. చలపతిరావు గారి చేతిరాత.

"ఎలా వెళ్లాయి అక్కడికి?"

చీపురు పట్టుకున్న కిష్టమ్మ నిలబడింది. "సోమారం సోమారం నేనే కొంటవోయిన సారూ. ముసలిసారు ఇంట్ల గూడ నేనే చేస్త గద. కాళ్లు లేపు జర."

"మరి తెలిసీ ఎందుకు రాశావు?"

"బయట కోచింగ్‌లో ఇంత కష్టమైన పేపర్లు ఎవరు పెడతారు? అదీ ఇంటికొచ్చి, గడియారం పెట్టి? మీరు ఓడించాలని పెట్టారు కాబట్టే అసలు పరీక్ష తేలికైంది. థాంక్సండీ." ఆ థాంక్స్‌లో వెటకారం ఉందేమోనని వెతికాను. దొరకలేదు. వెతకడం నా ఉద్యోగం అయినా దొరకలేదు.

"ఇప్పుడు మీకొక పరీక్ష" అంది. "ఒకటే పాసేజీ. పది ప్రశ్నలు. నలభై నిమిషాలు."

అమ్మ ఇన్విజిలేటర్ కుర్చీలో కూర్చుంది. ఫ్రిజ్ మీద ఏడు రూల్స్ అలాగే ఉన్నాయి.

పాసేజీ నాలుగు పేజీలు. తెలుగులో ఉంది. నాలుగో పేజీ చివర నా సంతకం ఉంది. దాని కింద సాక్షి సంతకం, ఓబులమ్మ.

"నువ్వు చదివే పెట్టావా అమ్మా?"

"మూడు దినాలు చదివినా. నీ మాదిరి అనుకుంటివా?"

ఒకటో ప్రశ్న: పాసేజీ ప్రకారం సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం టిఫిన్ చేసేది ఎవరు? రెండు: చిన్ను లంచ్ బాక్స్ ఎన్నింటికల్లా కట్టాలి? మూడు: పిండి రుబ్బే రోజు ఏది? అలా సాగాయి. జీవితంలో మొదటిసారి నేను ఒక కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఇంటిపని అంతా ఉంది అందులో. పదకొండేళ్లుగా ఎవరు ఏం చేస్తున్నారో ఒక పక్క, ఇకమీదట ఎవరు ఏం చేస్తారో ఇంకో పక్క. నా వైపు మొదటి పేజీలో ఒక్క లైనుంది: కరెంటు బిల్లు.

చివరి షరతు ఇలా ఉంది: "వీటిలో ఏదైనా కష్టమనిపిస్తే సంతకం పెట్టేముందు చెప్పండి. మారుద్దాం."

ఆ రోజు కింద హారన్ కొట్టింది క్యాబే. ఆ క్యాబ్ ఎంత అర్జెంటో ఇప్పుడు గుర్తులేదు.

పదో ప్రశ్న: రచయిత్రి ఉద్దేశం ఏమిటి? ఎ) భర్తకు వంట నేర్పడం. బి) భర్తకు బుద్ధి చెప్పడం. సి) పీహెచ్‌డీ చేయడం. డి) పైవన్నీ.

నేను డీకి టిక్కు పెట్టాను.

కిష్టమ్మ పేపరు కిందికి తీసుకెళ్లింది. పావుగంటకు తిరిగొచ్చింది. ఆకుపచ్చ సిరాతో పదికి తొమ్మిది. కింద ఒక వాక్యం: "అభ్యర్థికి చదవడం వచ్చును. ఇంతవరకు చదవలేదు."

"పదోది తప్పు" అంది సౌజన్య. "సి మాత్రమే."

అమ్మ పేపరు లాక్కుని చూసింది. "నేనైతే డీనే పెట్టేదాన్ని" అంది.

మొన్న సోమవారం ఐదూ యాభైకి లేచాను. మొదటి దోసె పెనం వదల్లేదు. రెండోది సగం వచ్చింది. మూడోది ఏడున్నరకు సౌజన్య పళ్లెంలో వేశాను. ఆమె బ్యాగ్ భుజాన వేసుకుని నిలబడే తింది.

"ఎలా ఉంది?"

"నిజం చెప్పనా?"

ఆమె దోసెను అటూ ఇటూ తిప్పి చూసింది. అంచు మాడింది, మధ్యలో పచ్చిగా ఉంది. నేను పెనం పట్టకారు పట్టుకుని నిలబడ్డాను.

"యాభైకి ముప్పై ఒకటి" అంది. "మీ మొదటి పేపరు కదా. పెరుగుతాయి."

ఆమె లిఫ్టు ఎక్కాక కిష్టమ్మ పెనం వైపు చూసి, "ఇరవయ్యే ఉంటయి సారూ. సౌజన్యమ్మ పదకొండు కలిపింది" అంది.